గాజులో నిలిచిన ఊపిరి

‘గ్లాస్ సెంట్రీ’ కామిక్ మూడువందల పన్నెండో సంచికతో ఆగిపోయి, ఏడాది తిరిగాక, ఫిబ్రవరి రెండో బుధవారంనాడు మళ్లీ ఒకటో నంబరు వేసుకొని బయటికి వచ్చింది. రచయిత్రి కొత్త. చిత్రకారుడు కొత్త. కథానాయకుడు గాజు మనిషి ముఖం సైతం కొత్తదే. అమెరికాలోని టొలీడోలో లగ్రాంజ్ వీధి చివర డెన్నీ కుజ్మా నడిపే కామిక్స్ కొట్లో, వెనక గది గుండ్రబల్ల దగ్గర కూర్చునేవాళ్లకు ఇది రాజ్యం మారినంత సంగతి.

ఆనాడు ఆ బల్ల దగ్గర ముగ్గురున్నారు. కొట్టు యజమాని డెన్నీ ఒకడు. యాభై దాటినా ఇంకా పాత సంచికల అట్టలమీద వేలిముద్ర పడితే విలవిల్లాడే మనిషి. రెండో ఆమె ఒడెల్లా పెట్‌వే. ముప్పయ్యేళ్లు బడి బస్సు నడిపి విశ్రాంతి తీసుకున్నది. మూడో మనిషి మిల్టన్ కార్డోష్. డెబ్బయి ఒకటో ఏట ఉన్నాడు. ఊరి గాజు కర్మాగారం ప్రయోగశాలలో ముప్పయి నాలుగేళ్లు రసాయన శాస్త్రజ్ఞుడిగా పనిచేశాడు. గాజులో చిక్కుకున్న బుడగలను లెక్కపెట్టి, అవి ఎక్కణ్నుంచి పుట్టాయో తేల్చడం అతని ఉద్యోగం. దయ్యాలమీద అతనికి నమ్మకం లేదు. నమ్మేవాళ్లమీద కోపమూ లేదు. ఎవరేం చెప్పినా ‘ఎలా తెలిసింది?’ అని మెల్లగా అడుగుతాడు, అంతే. గాజు కొలిమిలో పుట్టిన వీరుడి కథ కనక, అందులో తప్పులు పట్టుకోవడానికని పాతికేళ్ల వయసులో ఈ కామిక్ మొదలుపెట్టాడు. తప్పులు బోలెడు దొరికాయి. చదవడం మాత్రం మానలేకపోయాడు.

నాలుగో కుర్చీ ఒడెల్లా అన్న ఆంబ్రోస్‌ది. అతను పోయి రెండేళ్లయింది. మామూలుగా వచ్చే ప్రతి పాఠకుడికీ కొట్లో పేరు రాసిన ఒక అర ఉంటుంది. కొత్త సంచికలు బయట పేర్చకముందే డెన్నీ ఎవరివి వాళ్ల అరలో పెట్టేస్తాడు. ఆంబ్రోస్ అరలో ఇప్పటికీ పెడుతూనే ఉన్నాడు. ఆపమని ఒడెల్లా చెప్పలేదు. ఆపమంటావా అని డెన్నీ అడగలేదు. వారం వారం ఆమె ఆ కట్ట తీసుకొని వెళ్లి, అన్న చదివినట్టే వరసగా చదివి, అతని పెట్టెలోనే సర్దుతుంది.

మొదట నంబరు గురించి గొడవ జరిగింది. మూడువందల పన్నెండు సంచికలు చదివిన తనను తీసుకెళ్లి మళ్లీ ఒకటో తరగతిలో కూర్చోబెట్టారని డెన్నీ ఏడుపు.

“నువ్వెప్పుడు దాటావు గనక ఒకటో తరగతి?” అంది ఒడెల్లా, కాగితపు డబ్బాలోంచి జామ్ నింపిన పొంచ్కీ బన్ను ఒకటి తీసుకుంటూ.

“మీరలాగే అంటారు మిస్ ఒడెల్లా. బొమ్మ చూడండి బొమ్మ. మన వీరుడు కరిగిన కొవ్వొత్తిలా లేడూ?”

“ఇన్నాళ్లూ గాజుకి కండలు గీశారు. గాజుకి కండలేమిటి? ఇప్పుడు గాజులా ఉన్నాడు.”

చిత్రకారుడు టోబియాస్ రే గీతలు మందంగా, నల్లగా ఉన్నాయి. ఒక్కో పేజీలో మూడు నాలుగు గళ్లకు మించి లేవు. గాజు మనిషి భుజాలు, గడ్డం, చేతివేళ్లు అన్నీ కిందికి సాగుతున్నట్టు గీశాడు. పాత సంచికల్లో అతను దొంగల్ని పట్టేవాడు, వంతెనలు నిలబెట్టేవాడు. ఇందులో ఎవరినీ కొట్టలేదు. ఆరిపోయిన కొలిమి ముందు నిలబడి ఉన్నాడు. అతన్ని ఊది తయారుచేసిన ముసలి పనివాడు చనిపోయి చాలాకాలమైంది. ఆ ముసలివాడి ఊపిరి ఒక బుడగై గాజు మనిషి రొమ్ములో మిగిలిపోయింది. ఇప్పుడు దాన్ని వినాలని అతని తపన. కొత్త రచయిత్రి లెనోర్ పచేకో కథను తిప్పిన మలుపు ఇదీ. ఇది వీరగాథ కాదు, శవజాగరణ అని డెన్నీ పెదవి విరిచాడు. శవజాగరణకు కూడా ధైర్యం కావాలని ఒడెల్లా అంది.

మిల్టన్ మాట్లాడకుండా నిదానంగా చదువుతున్నాడు. పంతొమ్మిదో పేజీ తిప్పాడు. పేజీ నిండా ఒకటే బొమ్మ, చీకట్లో గాజు రొమ్ము, అందులో బుడగ. కింద నాలుగు వాక్యాలు.

‘నేను నిలబడి లేను. జారుతున్నాను. నలభై ఒక్క ఏళ్లకు ఒక బార్లీ గింజంత. పూర్తిగా జారిననాడు ఆయన ఊపిరి పైకి తేలుతుంది.’

ఆ నాలుగు వాక్యాలూ మళ్లీ చదివాడు.

“ఏం ప్రొఫెసర్, తప్పు దొరికిందా?” అంది ఒడెల్లా.

దొరికిందన్నాడు. గాజు జారదన్నాడు. పాత ఇళ్ల కిటికీ అద్దాలు అడుగున మందంగా ఉండటం చూసి జనం అలా అనుకుంటారనీ, ఆ కాలంలో అద్దం సమంగా తయారయ్యేది కాదనీ, మందపు అంచును వడ్రంగి కిందికి పెట్టి బిగించేవాడనీ చెప్పాడు. ఈ పాఠం డెన్నీ అప్పటికి నలభైసార్లు విన్నాడు. ఆవలింత నటించాడు. మిగిలిన సంగతి మిల్టన్ చెప్పలేదు.

మిగిలిన సంగతి ఇది. ఆ నాలుగు వాక్యాలూ ఆంబ్రోస్ పెట్‌వే రాసినవి. అవి ఉన్న కాగితాలు మిల్టన్ ఇంట్లో, బల్ల సొరుగులో ఉన్నాయి. వాటిని ఎవరికీ పంపలేదు.

ఆంబ్రోస్ ముప్పయ్యేళ్లు ఇంటింటికీ తిరిగి ఉత్తరాలు పంచిన తపాలా మనిషి. గాజు మనిషిమీద పదకొండు కథలు రాసి న్యూయార్క్‌లోని ప్రచురణ సంస్థకు పంపాడు. అడగకుండా వచ్చిన కథలను ఆ సంస్థ విప్పదు. రేపు ఎవరైనా ‘నా కథ కొట్టేశారు’ అని దావా వేస్తారేమోనన్న భయంతో, కవరుమీద ఎర్ర ముద్ర గుద్ది అలాగే వెనక్కి పంపేస్తుంది. పదకొండూ తిరిగొచ్చాయి. ప్రేమలేఖలు పంచి పంచి తనకు వచ్చినవన్నీ తిరుగుటపాలేనని అతను నవ్వేవాడు.

మూడేళ్ల కిందట, సెప్టెంబరులో, పన్నెండో కథ పూర్తిచేశాడు. అప్పటికే కాళ్లు చచ్చుబడ్డాయి. సంరక్షణాలయానికి మారుతున్నాడు. ఇరవై మూడు పేజీలు మిల్టన్ చేతికిచ్చి, గాజు సంగతులు సరిచూడమన్నాడు. మిల్టన్ పెన్సిలుతో అంచుల్లో దిద్ది తిరిగిచ్చాడు. ఆంబ్రోస్ ఆ దిద్దుబాట్లన్నీ చదివాడు. ఒక్క అక్షరం మార్చలేదు.

“తప్పని నాకూ తెలుసోయ్. ఉన్నదున్నట్టు పంపెయ్. జవాబు నీ ఇంటికి వచ్చేట్టు రాశాను” అన్నాడు.

పంపిస్తానని మిల్టన్ తీసుకున్నాడు. పంపలేదు. ఆ తర్వాతి బుధవారం ఒడెల్లా అన్నను చక్రాల కుర్చీలో కొట్టుకు తీసుకువచ్చింది. బల్ల దగ్గర చేరగానే ఆంబ్రోస్ అడిగిన మొదటి మాట, “జవాబు వచ్చిందా?” ఇంకా లేదన్నాడు మిల్టన్. వారం వారం అదే ప్రశ్న, అదే సమాధానం. మార్చిలో ఆంబ్రోస్ కన్నుమూసేదాకా ఇరవై ఆరు బుధవారాలు గడిచాయి. పంపినా విప్పకుండా తిప్పి పంపేవాళ్లే కదా, అని మిల్టన్ తనకు తాను చెప్పుకున్నాడు. చివరి రోజుల్లో మనిషికి ఎర్ర ముద్ర చూపించడంకంటే ఆశ మిగల్చడం మేలనీ చెప్పుకున్నాడు. ఈ రెండూ తర్కానికి నిలిచేవే. రెండేళ్లుగా నిలుస్తూనే వచ్చాయి.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి సొరుగు తెరిచాడు. కవరు ఉంది. తను అంటించిన టేపు అలాగే ఉంది. కత్తెరతో కోసి పేజీలు తీశాడు. పద్నాలుగో పేజీలో ఆ వాక్యాలు ఉన్నాయి. నలభై ఒక్క ఏళ్లు. బార్లీ గింజ.

గాజు జారుతుందన్న పొరపాటు లోకమంతా ఉన్నదే. ఇద్దరు రచయితలకు విడివిడిగా తట్టవచ్చు. బుడగలో ఊపిరి ఉంటుందన్న ఊహ కూడా అంతే. కాని ఆ లెక్క ఏ శాస్త్రంలోనూ లేదు. ఆంబ్రోస్ ఆ కామిక్ చదవడం మొదలుపెట్టి అప్పటికి నలభై ఒక్క ఏళ్లు, అందుకే ఆ అంకె వేశాడు. రెండు కొలిముల్లో మంచి గాజు తయారైతే రెండింటికీ ఒకే ఇసుక వాడారని చెప్పలేం. ఒకే వింత మచ్చ రెండింటిలోనూ కనబడితే చెప్పి తీరాలి. ఈ సూత్రంమీద మిల్టన్ ముప్పయి నాలుగేళ్లు జీతం తీసుకున్నాడు.

కాబట్టి ఆ వాక్యాలు ఆంబ్రోస్ దగ్గరనుంచే వెళ్లాయి. ఎప్పుడు వెళ్లాయన్నదే ప్రశ్న. కవరు తనకివ్వకముందే మరెవరికైనా చూపించి ఉంటే బెంగలేదు. ఇచ్చిన తర్వాత పంపి ఉంటే, ఎందుకు పంపాడు? మిల్టన్ పంపలేదని తెలిసి పంపాడా? తెలిసి, తెలిసి కూడా, బుధవారం బుధవారం ఆ కుర్చీలో కూర్చొని తన కళ్లలోకి చూస్తూ అడిగాడా? అబద్ధం చెప్పిన సంగతి రెండేళ్లుగా అతను మోయగలిగాడు. స్నేహితుడు ఆ అబద్ధాన్ని తెలిసి మోసుకుపోయాడేమోనన్న అనుమానం ఒక్క రాత్రి కూడా మోయలేకపోయాడు.

అప్పటినుంచి ఆ ప్రశ్న వినబడసాగింది. కొట్టు తలుపు గంట మోగినప్పుడు, కారు తలుపు మూసినప్పుడు, ఎడమ చెవి పక్కన, కొంచెం గరగరమనే ఆ గొంతుతో, “జవాబు వచ్చిందా?” అని. మిల్టన్ భయపడే రకం కాదు. నోటుబుక్కు తీసి తేదీ, వేళ, చోటు రాసుకున్నాడు. మూడు వారాల్లో తొమ్మిదిసార్లు వినబడింది. తొమ్మిదిసార్లూ ఏదో ఒక తలుపు చప్పుడైన మరుక్షణమే. ఎందుకంటే ఆ ఇరవై ఆరు బుధవారాలూ తలుపు తెరుచుకోవడం, చక్రాల కుర్చీ లోపలికి రావడం, ఆ ప్రశ్న అడగడం ఒకదాని వెనక ఒకటి జరిగాయి. మెదడు ఆ మూడింటినీ ఒక దారానికి గుచ్చుకుంది. మొదటిది లాగితే మూడోది వస్తుంది. కారణం తేలిపోయింది. వినబడటం మాత్రం ఆగలేదు.

తలుపులు తీసే ఉంచుకోవడం అలవాటు చేసుకున్నాడు. ఇంట్లో అన్నీ బార్లా తెరిచే ఉండేవి. మామీ నదిమీది పొగమంచు వీధిలోకి పాకే మార్చి నెలలో ఇల్లంతా చలిగా ఉండేది.

రెండో సంచిక వచ్చిన బుధవారంనాడు డెన్నీ ఉబ్బితబ్బిబ్బవుతూ ఒక వార్త చెప్పాడు. లెనోర్ పచేకో సంతకాలు పెట్టడానికి వస్తున్నదట. తను పిలవలేదు. ఆమే ఫోన్ చేసి, వచ్చే బుధవారం మీ కొట్టుకు రావచ్చా అని అడిగిందట.

“షికాగో పెద్ద కొట్లు వదిలేసి నా దగ్గరికి. ఎందుకంటారు మిస్ ఒడెల్లా?”

“నీ అందం చూడ్డానికి” అంది ఒడెల్లా. తర్వాత నవ్వు ఆపేసి, ఆవిణ్ణి ఒక మాట అడగాలి అంది. ఏ మాటో మిల్టన్‌కు తెలుసు. అన్న చివరి కథను చదవకుండా చెత్తబుట్టలో పారేశారని ఆమె రెండేళ్లుగా ఆ సంస్థమీద కారాలు మిరియాలు నూరుతున్నది.

ఆ బుధవారం రానే వచ్చింది. కరుగుతున్న మంచులో కొట్టు బయట పాదబాటమీద యాభై అరవైమంది వరసకట్టారు. లెనోర్ పచేకో నలభయ్యేళ్ల సన్నటి మనిషి. ఉన్ని టోపీ తియ్యకుండానే కూర్చొని, ప్రతివాళ్లకీ ఓపికగా సంతకం పెట్టింది, ఓపికగా తిట్లూ విన్నది. ఒకడు నంబరు ఎందుకు మార్చారని నిలదీశాడు. ఒకావిడ పాత బృందం ఆరేళ్లు పెంచిన విలనును ఒక్క వాక్యంలో చంపేశారేమని కంటతడి పెట్టుకుంది. ఇంకొకడు సంచికను ముట్టుకోనివ్వకుండా గట్టి ప్లాస్టిక్ పెట్టెలో బిగించి తెచ్చి, పెట్టెమీదే సంతకం చెయ్యమన్నాడు. లోపల ఏముందో చదివావా అని ఆమె అడిగితే, చదివితే విలువ తగ్గిపోతుందన్నాడు. మిల్టన్ వెనక గదిలోంచి అన్నీ వింటున్నాడు. కాగితాలు ఇంట్లోనే వదిలి వచ్చాడు. ఆమెను ఒక్కటే అడగాలి. ఎప్పుడు?

నాలుగు గంటలకు జనం పలచబడ్డారు. లెనోర్ వెనక గదిలోకి వచ్చి, ఖాళీ కుర్చీ చూసి, కూర్చోవచ్చా అని అడిగింది. ఎవరూ కాదనలేదు.

ఆమె నోరు విప్పేలోపే ఒడెల్లా అందుకుంది. తన పేరు చెప్పింది. అన్న పేరు చెప్పింది. ఆ పేరు వినగానే లెనోర్ ముఖంలో ఏదో కదిలింది. ఒడెల్లా అది గమనించలేదు.

“మూడేళ్ల కిందట కథ పంపాడమ్మా మీ ఆఫీసుకి. చావుబతుకుల్లో ఉండి రాసినది. చదవక్కర్లేదు, కనీసం తిప్పి పంపక్కర్లేదా? ఆర్నెల్లు ఎదురు చూశాడు. ఎదురు చూస్తూనే పోయాడు.”

లెనోర్ టోపీ తీసి ఒళ్లో పెట్టుకుంది. రచయిత్రి కాకముందు తను ఆ ఆఫీసులో ఎనిమిదేళ్లు టపా విప్పే పని చేశానని చెప్పింది. కథల కవర్లు ఒక్కటి కూడా పారెయ్యడం అక్కడ జరగదట. న్యాయవాదుల ఉత్తర్వు అది. అందిన ప్రతి కవరునూ పుస్తకంలో రాసి, ముద్ర వేసి, మూడు వారాల్లోపల వెనక్కి పంపి తీరాలి. పండగలొచ్చినా, మంచు తుపాను వచ్చినా అది తప్పలేదంది.

“మా దగ్గరికి వచ్చి ఉంటే మూడు వారాల్లో మీ ఇంటికి చేరేది, మేడమ్. చేరలేదంటే, మా దాకా రాలేదన్నమాట.”

మిల్టన్ ఆ మాట విని కళ్లు మూసుకున్నాడు. మూడు వారాలు. పదకొండుసార్లు ఆంబ్రోస్ ఆ ఎర్ర ముద్ర అందుకున్నాడు. ముప్పయ్యేళ్లు తపాలా సంచీ మోసిన మనిషి. ఏ కవరు ఏ ఊరినుంచి ఎన్నాళ్లకు వస్తుందో అతనికి తెలిసినంతగా టొలీడోలో ఎవరికీ తెలియదు. నాలుగో బుధవారం ‘ఇంకా లేదు’ అన్నప్పుడే పంపలేదన్న నిజం తను చెప్పేశాడన్నమాట. పంపినా తిరిగొచ్చేదే కదా అన్న వాదాన్ని పట్టుకొని ఇన్నాళ్లు నిద్రపోయాడు. అదే వాదం తనను పట్టి ఇచ్చిందని ఒక్కసారైనా తోచలేదు. ప్రయోగశాలలో ఏ కుర్రవాడైనా ఇంత మొద్దు పొరపాటు చేస్తే అతను రోజంతా చీవాట్లు పెట్టేవాడు.

లెనోర్ చెబుతూనే ఉంది. కథలు విప్పకూడదు గాని, పాఠకుల ఉత్తరాలు విప్పవచ్చు. కామిక్ చివర ఉత్తరాల పేజీ ఎత్తేసి ఏళ్లయినా రాసేవాళ్లు రాస్తూనే ఉన్నారు. మూడేళ్ల కిందటి నవంబరులో ఒక ఉత్తరం వచ్చింది. దాన్ని తను పారెయ్యలేకపోయింది. గాజు మనిషిని తనకు అప్పగించినప్పుడు ఆ ఉత్తరంలోని నాలుగు వాక్యాలే మెదిలి, కథలో పెట్టుకుంది. అనుమతి కోసం రాస్తే, గ్రహీత మరణించాడని జాబు తిరిగొచ్చింది. ఉత్తరం అడుగున ఈ కొట్టు చిరునామా ఉంది. అందుకని వచ్చింది.

సంచీలోంచి మడత కాగితం తీసి ఒడెల్లా ముందు పెట్టింది. ఒడెల్లా కళ్లజోడు సవరించుకొని చదివింది. ముందు మౌనంగా చదివింది. తర్వాత సగంనుంచి, ఎవరూ అడగకుండానే, పైకి చదవడం మొదలుపెట్టింది.

“... గాజు సంగతి క్షుణ్ణంగా తెలిసిన స్నేహితుడొకడు నాకున్నాడు. ఇదంతా తప్పంటాడు. తప్పే. అయినా ఉండనివ్వండి. కథ మొత్తం అతని దగ్గరే ఉంది. మీకు పంపానని చెబుతాడు. పంపలేదు. నేను బుధవారాలు అడుగుతున్నది మీ జవాబు కోసం కాదు. ఈ వారమైనా చెబుతాడేమోనని. చెప్పడం అతనికి కష్టంగా ఉంది. అడగడం మానేస్తే ఇంకా కష్టమవుతుందని మానడం లేదు.”

డెన్నీ చేతిలోని పొంచ్కీని చూస్తూ ఉండిపోయాడు. ముందు గదిలో ఎవరో బయటికి వెళ్లినట్టున్నారు, తలుపు గంట మోగింది. మిల్టన్ ఎడమ చెవి పక్కన ఆ గొంతు పలికింది. అతను అటు తిరగలేదు.

“పంపలేదు ఒడెల్లా” అన్నాడు.

ఆమె ఉత్తరం మడిచింది. తిట్టలేదు. ఆమె తిడితే బాగుండునని అతనికి అనిపించింది.

“ఎక్కడుంది?”

“ఇంట్లో.”

“పద.”

ఆమె అతని కారులో వచ్చింది. ఇంట్లో అడుగుపెట్టాక తెరిచి ఉన్న తలుపులు చూసి, చలికి కోటు విప్పకుండానే వంటగది బల్ల దగ్గర కూర్చుంది. మిల్టన్ కాగితాలు తెచ్చి ముందు పెట్టి, పక్కన నిలబడ్డాడు. కిటికీలో ఇంకా వెలుతురు ఉంది. ఆమె మొదటి పేజీ తిప్పింది. అంచున సన్నగా, ముద్దగా పెన్సిలు రాతలున్నాయి. ఆ గజిబిజి రాత ఆమెకు కొరుకుడు పడలేదు. వేలు పెట్టింది.

“ఇదేమిటి?”

“గాజు జారదు” అని చదివాడు మిల్టన్.

“ఇది?”

“బుడగలో ఉండేది ఊదినవాడి ఊపిరి కాదు. కరిగేటప్పుడు ముడిసరుకులోంచి పుట్టిన వాయువు.”

“ఇది?”

“ఆధారం?”

పేజీ తరువాత పేజీ ఆమె వేలు పెడుతూనే ఉంది. అతను తన రాతలు తానే చదువుతూనే ఉన్నాడు. కాదు. సాధ్యపడదు. మళ్లీ ఆధారం. ప్రతి ఒక్కటీ నిజమే. ఈనాటికీ ఒక్కటి కూడా వెనక్కి తీసుకోనక్కర్లేదు. చనిపోయిన మనిషి చెల్లెలి ఎదుట, ఆరిపోతున్న వెలుతురులో, తన గొంతుతో వింటుంటే ఆ నిజాలు ఎవరో అపరిచితుడు గోడమీద మేకులు కొడుతున్న చప్పుడులా వినబడ్డాయి. నలభై ఒక్క ఏళ్ల లెక్క దగ్గర పెన్సిలు మొన కాగితంలోకి దిగి చిన్న చిరుగు పడింది. అక్కడ ఆమె వేలు పెట్టకుండా పేజీ తిప్పింది.

పంతొమ్మిదో పేజీ వచ్చింది. గాజు మనిషి నేలమీద పూర్తిగా పరుచుకుపోయాడు. బుడగ పైకి తేలి పగిలింది. ఇన్నేళ్లు దాగిన ఊపిరి బయటపడింది. అది మాట కావడానికి చాలలేదు. నిద్రలో ఉన్న మనిషి వదిలినంత చిన్న ఊపిరి, అంతే. పక్కన ఎవరో ఉన్నారని తెలియడానికి మాత్రం సరిపోయింది. అక్కణ్నుంచి చివరిదాకా ఐదు పేజీలూ అంచులు తెల్లగా ఉన్నాయి.

ఒడెల్లా వెనక్కీ ముందుకీ తిప్పి చూసింది.

“ఇక్కడ తప్పుల్లేవా?”

“ఉన్నాయి.”

“రాయలేదే?”

మిల్టన్ కుర్చీ వీపు పట్టుకున్నాడు. ఎర్ర ముద్ర గురించీ, మిగల్చదలచిన ఆశ గురించీ చెప్పవచ్చు. రెండేళ్లుగా సిద్ధంగా ఉన్న మాటలే అవి. అవేవీ నోటికి రాలేదు.

“అక్కడికొచ్చేసరికి ఏడుపొచ్చింది” అన్నాడు. “అబద్ధమని లైనుకు లైను నిరూపించుకుంటూ వచ్చాను గదా. అయినా ఏడుపొచ్చింది. ఎందుకొచ్చిందో తెలీలేదు. కోపమొచ్చింది ఒడెల్లా. వాడిమీద. కవరు అంటించి సొరుగులో పడేశాను. రేపు పంపుదాంలే అనుకున్నాను. ఆ రేపు దాటిపోయాక ఇంక ఎలా చెప్పాలో తెలీలేదు.”

“అన్నకి ఈ మాట చెప్తే చాలేది” అంది ఒడెల్లా. “ముద్రా వద్దు, ముద్రించడమూ వద్దు. నువ్వు ఏడ్చావని చెప్తే ఆ కుర్చీలోంచి లేచి గంతులేసేవాడు.”

మిల్టన్ తల వంచుకున్నాడు. ఆ మాట చెప్పవలసిన చెవులు ఎక్కడా లేవని అతనికి బాగా తెలుసు. ఉన్నాయని నమ్మేవాళ్లమీద జీవితంలో మొదటిసారి అసూయ కలిగింది.

ఒడెల్లా పేజీలన్నీ పోగుచేసి, అంచులు సమంగా తట్టి, మొదటి పేజీ పైకి వచ్చేట్టు బల్లమీద అతనివైపు జరిపింది. క్షమించానని అనలేదు. అంటుందని అతనూ అనుకోలేదు.

“మొదట్నుంచి చదువు. పైకి చదువు. నీ రాతలు వదిలెయ్.”

అతను లేచి తలుపులన్నీ ఒక్కొక్కటే మూసి వచ్చాడు. కుర్చీని కిటికీ దగ్గరికి లాక్కొని కళ్లజోడు తుడుచుకున్నాడు. తడబడుతూనే మొదలుపెట్టాడు. నాలుగో వాక్యం రెండుసార్లు చదివాడు. అతను చదువుతూనే ఉన్నాడు.